స్టెంట్ లోపలే మళ్లీ మూసుకుపోయిన ధమనికి రేడియేషన్: నాన్నగారికి చేయించవచ్చా?

కృష్ణాతీరం (హ్యూస్టన్)

అందరికీ నమస్కారం. నాన్నగారి గుండె వైద్యం గురించి వచ్చే వారంలోగా డాక్టర్‌కు ఒక మాట చెప్పాలి. అనుభవం ఉన్నవారు, ఈ రంగంలో పనిచేసినవారు ఉంటే దయచేసి రాయండి.

నాన్నగారికి 71 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. విజయవాడలో ఉండగానే బైపాస్ జరిగింది. ఇక్కడ మా దగ్గరికి వచ్చాక కుడి కరోనరీ ధమనిలో మందు పూసిన స్టెంట్ వేశారు. అది పూడుకుపోతే దాని లోపలే రెండో స్టెంట్ వేశారు. ఇప్పుడు సరిగ్గా అదే చోట మళ్లీ సన్నబడింది. వీధి చివరి వరకు నడిస్తే ఛాతీ పట్టేస్తోంది. ఇంకో స్టెంట్ వేయడానికి డాక్టర్ ఒప్పుకోవడం లేదు. బెలూన్‌తో తెరిచి, వెంటనే అదే చోట ధమని లోపలి నుంచి కొద్ది నిమిషాలు బీటా రేడియేషన్ ఇస్తామంటున్నారు.

రేడియేషన్ అనగానే ఇంట్లో అందరికీ క్యాన్సర్ గుర్తొచ్చింది. పెదనాన్నగారు ఫోన్ చేసి "లేని జబ్బు తెచ్చిపెట్టకండమ్మా" అన్నారు. అమ్మ దిగులుతో అన్నం మానేసింది. ఇది ఎప్పుడో వదిలేసిన పాత పద్ధతి అని ఒక బంధువు గట్టిగా వాదిస్తున్నారు. నాకు ఏమీ పాలుపోవడం లేదు.

పెన్నా_గట్టు (నెల్లూరు)

అమ్మా, తొందరపడి ఒప్పుకోకండి. రొమ్ము క్యాన్సర్‌కు ఛాతీ మీద రేడియేషన్ తీసుకున్న స్త్రీలకు కొన్నేళ్ల తర్వాత గుండె రక్తనాళాలు దెబ్బతినే ప్రమాదం పెరుగుతుందని చదివాను. మా వదినగారి విషయంలో డాక్టర్లే ఆ మాట అన్నారు. రక్తనాళాన్ని పాడుచేసే కిరణాలే రక్తనాళాన్ని బాగుచేస్తాయంటే నమ్మడం కష్టం. బైపాస్ మళ్లీ చేయించలేరా?

వెలుగురేఖ (అట్లాంటా)

నేను మెడికల్ ఫిజిసిస్ట్‌ని. రేడియేషన్ మోతాదులు లెక్కకట్టడం నా వృత్తి. ఈ చికిత్స మొదలైన రోజుల నుంచి దగ్గరగా చూశాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

ఆండ్రియాస్ గ్రుంట్‌జిగ్ 1977 సెప్టెంబరు 16న జ్యూరిక్‌లో మొదటిసారి మనిషి గుండె ధమనిని బెలూన్‌తో తెరిచారు. ఆ మొదటి రోగి ధమని ఏళ్లు గడిచినా తెరుచుకునే ఉంది. కానీ అందరికీ అంత అదృష్టం పట్టలేదు. బెలూన్ మాత్రమే వాడిన కాలంలో ఆరు నెలలు తిరిగేసరికి నూటికి 30 నుంచి 50 మందికి అదే చోట మళ్లీ సన్నబడేది. 1986లో తులూజ్‌లో జాక్ ప్యూల్, లోజాన్‌లో ఉల్రిక్ సిగ్వార్ట్ స్టెంట్లు వేయడం మొదలుపెట్టారు. బెలూన్ తీశాక గోడ తిరిగి ముడుచుకుపోవడాన్ని ఆ లోహపు జాలీ ఆపింది. అయితే గోడలోని కండర కణాలు గాయానికి స్పందించి విభజన చెందుతూ జాలీ సందుల్లోంచి లోపలికి పెరిగిపోయేవి. దాన్ని ఆపడం లోహం వల్ల కాలేదు.

విభజన చెందే కణాన్ని ఆపడం రేడియేషన్‌కు బాగా తెలిసిన పని. అక్కడినుంచి పుట్టింది ఈ ఆలోచన. వెనెజువేలా రాజధాని కరాకస్‌లో హోసే కొండాడో బృందం మొదట ఇరిడియం-192తో మనుషుల గుండె ధమనుల్లో ప్రయత్నించింది. అమెరికాలో లా హోయాలోని స్క్రిప్స్ క్లినిక్‌లో పాల్ టైర్‌స్టీన్ 55 మందితో చేసిన అధ్యయనం 1997లో వెలువడింది. రేడియేషన్ తీసుకున్నవారిలో నూటికి 17 మందికి, తీసుకోనివారిలో 54 మందికి మళ్లీ సన్నబడింది. చిన్న అధ్యయనమే, కానీ ఆ తేడా చూసి మా రంగంలో నిద్రపోయినవారు లేరు. తర్వాత వాషింగ్టన్‌లో రాన్ వాక్స్‌మన్ 130 మందితో చేసిన అధ్యయనంలోనూ 19, 58 అనే అంకెలు వచ్చాయి. 252 మందితో చేసిన గామా-1 అనే అధ్యయనంలో నూటికి 32, 55. అంతరం కొంత తగ్గినా దిశ మారలేదు.

2000 నవంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ రెండు పరికరాలకు అనుమతి ఇచ్చింది. ఒకటి ఇరిడియం గామా కిరణాలతో, రెండోది స్ట్రాన్షియం-90 బీటా కిరణాలతో పనిచేసేది. మీ నాన్నగారికి చెప్పింది రెండో రకమే.

పెన్నా_గట్టు గారూ, మీ ప్రశ్న న్యాయమైనది. ఛాతీకి బయటి నుంచి ఇచ్చినప్పుడు గుండెలో పెద్ద భాగం, ఎన్నో ధమనులు, ఆరోగ్యంగా ఉన్నవి కూడా ఆ దారిలో పడతాయి. ఇక్కడ రేడియేషన్ వెలువరించే మూలం ధమని లోపలే ఉంటుంది. బీటా కణాలు కణజాలంలో కొన్ని మిల్లీమీటర్లే వెళతాయి. మోతాదును మూలం మధ్యరేఖ నుంచి 2 మిల్లీమీటర్ల దూరంలో లెక్కిస్తాం. ధమని వెడల్పును బట్టి అది 18.4 గ్రే లేదా 23 గ్రే (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలమానం). ఒక సెంటీమీటర్ దాటితే మిగిలేది అత్యల్పం. మొత్తం గుండెకు ఇచ్చేదానికీ, మూడు నాలుగు సెంటీమీటర్ల ధమని గోడకు ఇచ్చేదానికీ పోలిక పెట్టకూడదు. అలాగని ధమని గోడకు ఏ హానీ ఉండదని అనను. తొలిరోజుల్లో మోతాదు మితిమీరిన చోట గోడ బలహీనపడి ఉబ్బిన సందర్భాలు కరాకస్ బృందమే నివేదించింది. ఇప్పటి మోతాదులు అలాంటి అనుభవాల మీద స్థిరపడినవే.

గుండెచప్పుడు (హైదరాబాద్)

క్యాథ్‌ల్యాబ్‌లో, అంటే గుండె ధమనుల్లోకి తీగ పంపి చికిత్స చేసే గదిలో, పనిచేసే కార్డియాలజిస్ట్‌ని. వెలుగురేఖ గారు చెప్పినదాంట్లో రెండు విషయాలు నాకు ముఖ్యం.

ఒకటి, ఈ చికిత్స ఎందుకు వెనకబడింది. పనిచేయక కాదు. సిరోలిమస్ మందు పూసిన స్టెంట్ 2003 ఏప్రిల్‌లో, పాక్లిటాక్సెల్ పూసినది 2004 మార్చిలో అమెరికా మార్కెట్లోకి వచ్చాయి. కణాలు పెరగకుండా ఆపే పనిని స్టెంటే స్వయంగా చేస్తుంటే క్యాథ్‌ల్యాబ్‌లోకి రేడియేషన్ ఆంకాలజిస్ట్‌నీ, ఫిజిసిస్ట్‌నీ, రేడియోధార్మిక మూలాన్నీ తీసుకురావలసిన అవసరం తప్పింది. 2006లో వచ్చిన రెండు అధ్యయనాల్లో, మామూలు స్టెంట్ లోపల మూసుకుపోయినవారికి రేడియేషన్ కంటే మందు పూసిన స్టెంటే మేలని తేలింది. దాంతో చాలా ఆసుపత్రులు పరికరాలను పక్కన పెట్టేశాయి. ఆ సిరోలిమస్ ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి వచ్చింది. దాన్ని వెలికితీసి, దాని కోసం జీవితాంతం పోరాడినవాడు మన ఉపఖండంలో పుట్టిన సురేన్ సెహగల్. ఆయన పేరు మా విద్యార్థులకు తప్పకుండా చెబుతాను.

రెండోది, మందు పూసిన స్టెంట్ కూడా కొందరిలో మూసుకుపోతుంది. అమెరికాలో జరిగే యాంజియోప్లాస్టీల్లో ఇప్పటికీ దాదాపు పదింట ఒకటి ఇలా స్టెంట్ లోపల సన్నబడినందుకే చేస్తున్నారు. రెండు పొరల లోహం ఉన్న చోట మూడో పొర వేస్తే దారి ఇంకా ఇరుకవుతుంది. రేడియేషన్ మళ్లీ అవసరమైంది ఇలాంటివారికే. 2021లో వచ్చిన అమెరికన్ కార్డియాలజీ సంఘాల మార్గదర్శకాల్లో పదేపదే మూసుకుపోయేవారికి దీన్ని పరిశీలించవచ్చని ఉంది. "పరిశీలించవచ్చు" అంటే బలమైన సిఫార్సు కాదు, అది గుర్తుంచుకోండి.

కృష్ణాతీరం గారూ, మీ డాక్టర్‌ను అడగవలసినవి ఉన్నాయి. స్టెంట్ లోపల ఐవస్ (అల్ట్రాసౌండ్‌తో ధమని లోపలి నుంచి చూసే పరీక్ష) గానీ ఓసీటీ (కాంతితో అలాగే చూసే పరీక్ష) గానీ చేసి చూశారా? మొదటిసారి వేసినప్పుడు స్టెంట్ పూర్తిగా విచ్చుకోకపోతే, బయట సున్నం గట్టిగా పట్టి ఉంటే, లేదా స్టెంట్ విరిగి ఉంటే ఆ లోపాన్ని ముందు సరిచేయాలి. అది సరిచేయకుండా పైన ఎంత రేడియేషన్ ఇచ్చినా ఫలితం నిలవదు. మందు పూసిన బెలూన్ ప్రయత్నించారా? యూరప్‌లో, మన దేశంలో ఆ బెలూన్లు ఏళ్లుగా వాడుతున్నాం. అమెరికాలో గుండె ధమనులకు అనుమతి 2024 మార్చిలోనే వచ్చింది. అక్కడ కొన్ని ఆసుపత్రులు రేడియేషన్‌ను వదలకుండా పట్టుకోవడానికి అదీ ఒక కారణం.

కృష్ణాతీరం (హ్యూస్టన్)

ఇద్దరికీ ఎంతో రుణపడి ఉంటాను. ఫైలు తీసి చూశాను, ఆసుపత్రికి కూడా ఫోన్ చేశాను.

ఐవస్ చేశారట. రెండు స్టెంట్లూ బాగానే విచ్చుకున్నాయి, లోపల కణజాలమే పెరిగిందని రాశారు. మందు పూసిన బెలూన్ కిందటిసారి వాడారు. ఆరు నెలలు హాయిగా తిరిగారు, తర్వాత నొప్పి మళ్లీ మొదలైంది. బైపాస్‌లో కుడి ధమనికి కలిపిన కాలి సిర ఎప్పుడో మూసుకుపోయింది. మళ్లీ ఛాతీ తెరవడం ప్రమాదమని సర్జన్ చెప్పారు. మూత్రపిండాలు కూడా అంతంతమాత్రమే.

గుండెచప్పుడు (హైదరాబాద్)

అయితే మీ డాక్టర్ వరుసగా చేయవలసినవన్నీ చేసి, ఆ తర్వాతే ఈ మాట అన్నారు. మీ నాన్నగారి వంటివారి కోసమే ఈ చికిత్స మిగిలి ఉంది. మా నాన్నగారికి ఇదే పరిస్థితి వస్తే నేను ఒప్పుకుంటాను.

మామిడితోట (న్యూజెర్సీ)

నాకు ఇది చేశారు, అందుకే రాస్తున్నాను. నా వయసు 66. ఎడమవైపు ముందు ధమనిలో రెండుసార్లు స్టెంట్ పడింది.

బల్ల మీద పడుకోబెట్టడం, మణికట్టు లేదా తొడ దగ్గర నుంచి తీగ పంపడం వరకు మామూలు యాంజియోప్లాస్టీలాగే ఉంటుంది. నాకు తొడ నుంచి చేశారు. బెలూన్‌తో తెరిచాక గదిలోకి కొత్త మనుషులు వచ్చారు. రేడియేషన్ డాక్టర్, లెక్కలు చూసే ఫిజిసిస్ట్ అని పరిచయం చేశారు. చేతిలో పట్టుకునే చిన్న పరికరం ఒకటి. దానిలోంచి నీటి ఒత్తిడితో రేడియోధార్మిక గింజల వరుసను సన్నని గొట్టంలో గుండె దాకా పంపి, సమయం చూసుకుని, అదే నీటితో వెనక్కి లాగేశారు. గొట్టం ధమనిలో అడ్డుగా ఉన్న ఆ కొద్ది నిమిషాలు ఛాతీలో బరువుగా అనిపించింది. ముందే చెప్పి ఉంచారు కనుక భయపడలేదు. తీసేయగానే తేలికైంది. తర్వాత మీటర్‌తో నన్నూ, గదినీ కొలిచి లోపల ఏమీ మిగలలేదని చూసుకున్నారు.

మనవరాలిని ఎత్తుకోవచ్చా అని నేను అడిగిన మొదటి ప్రశ్న. ఆ రోజే ఎత్తుకోవచ్చన్నారు.

రెండేళ్లు దాటింది. నొప్పి లేదు. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానలేదు.

పెన్నా_గట్టు (నెల్లూరు)

మామిడితోట గారూ, మీరు బాగున్నందుకు సంతోషం. కానీ రెండేళ్ల మాట వేరు, పదేళ్ల మాట వేరు. క్యాన్సర్ రావడానికి ఏళ్లు పడుతుంది కదా. అలాగే గింజ తెగి లోపలే ఉండిపోతే?

వెలుగురేఖ (అట్లాంటా)

స్క్రిప్స్ అధ్యయనంలోని వారిని 5 ఏళ్ల దాకా గమనించారు. మళ్లీ చికిత్స అవసరపడినవారు అప్పటికీ రేడియేషన్ గుంపులో తక్కువే. ఆ కాలపు అధ్యయనాల్లో ఈ చికిత్స వల్ల క్యాన్సర్ పెరిగిన ఆనవాళ్లు బయటపడలేదు. 71 ఏళ్ల వయసులో, వీధి చివరికి నడవలేని మనిషికి, ఎన్నో ఏళ్ల తర్వాతి ఆ స్వల్ప ప్రమాదాన్ని ఇప్పటి గుండెనొప్పితో తూకం వేయాలి. 30 ఏళ్ల యువకుడి విషయంలో నేను ఇంత తేలికగా మాట్లాడను.

గింజలు ఆ గొట్టం కొసదాకా వెళ్లి ఆగుతాయి. గొట్టం కొస మూసి ఉంటుంది, రక్తాన్ని తాకవు. ఏ కారణం చేతనైనా వెనక్కి రాకపోతే గొట్టంతో సహా బయటికి లాగి, అందుకే సిద్ధంగా ఉంచిన మందపాటి యాక్రిలిక్ పెట్టెలో వేస్తాం. బీటా కణాలను ఆపడానికి సీసం అక్కర్లేదు, ఒక సెంటీమీటర్ యాక్రిలిక్ చాలు. గామా మూలంతో అయితే ఇరవై నిమిషాల వరకు పట్టేది, సిబ్బంది గది వదిలి వెళ్లవలసి వచ్చేది. బల్ల మీద రోగిని ఒంటరిగా వదిలి తలుపు వేసుకోవడం మాలో ఎవరికీ ఇష్టం ఉండేది కాదు. బీటా వచ్చాక ఆ బాధ తప్పింది.

నన్ను అడిగితే అసలు భయపడవలసింది క్యాన్సర్‌కు కాదు, రక్తం గడ్డకు. ఈ చికిత్స మొదట్లో దెబ్బతిన్నది అక్కడే. పెరిగే కణాలను ఆపే కిరణాలు, ధమని లోపలి పొర తిరిగి కప్పుకోవడాన్ని కూడా ఆలస్యం చేస్తాయి. లోహం నెలల తరబడి రక్తానికి బయటపడి ఉంటుంది. రాటర్‌డామ్‌లో పాట్రిక్ సెరుయిస్ బృందం 1999లోనే ఈ హెచ్చరిక చేసింది: అంతా బాగుందనుకున్న నెలల తర్వాత ధమని హఠాత్తుగా మూసుకుపోతోందని. గామా-1లో ఇలా ఆలస్యంగా గడ్డకట్టినవారు రేడియేషన్ గుంపులో నూటికి 5 మంది దాకా, రెండో గుంపులో ఒకరికంటే తక్కువ. అప్పట్లో రక్తం పలచబరిచే మాత్రలు రెండు నెలలే ఇచ్చేవారు. అదే రోజున కొత్త స్టెంట్ కూడా వేసినవారికి ఎక్కువ ముప్పు వచ్చింది. తర్వాత మాత్రలను ఆరు నెలలకు, ఏడాదికి పొడిగించి చూస్తే ఆ ముప్పు బాగా తగ్గింది.

మరో సంగతి అంచులది. గింజల వరుస బెలూన్ తగిలిన మేరంతా దాటి రెండు వైపులా కొంచెం ఎక్కువగా ఉండాలి. బెలూన్ గాయం చేసిన చోట కిరణం అందకపోతే సరిగ్గా ఆ అంచు దగ్గర కణాలు మరింత విజృంభిస్తాయి. మధ్యలో తెరుచుకుని, రెండు కొసల్లో మెలితిప్పిన చాక్లెట్ కాగితంలా నొక్కుకుపోతుంది. రేడియోధార్మిక స్టెంట్లు తయారుచేసినప్పుడు మిలాన్‌లో ఇదే జరిగింది, వాటి కథ అక్కడితో ముగిసింది. గింజల వరుస ఎంత పొడవుది వాడతారో అడగండి. ఫిజిసిస్ట్ ఎవరైనా ఈ ప్రశ్నకు సంతోషంగా జవాబిస్తారు.

ఓరుగల్లు_బిడ్డ (హనుమకొండ)

చర్చ మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాకు 52 ఏళ్లు. కిందటేడు వేసిన స్టెంట్ లోపల 70 శాతం పూడిక వచ్చిందన్నారు. ఇదంతా చదివాక నేను కూడా రేడియేషన్ గురించి అడగాలా? ఇక్కడి డాక్టర్ ఇంకో స్టెంట్ అంటున్నారు.

గుండెచప్పుడు (హైదరాబాద్)

వద్దు అన్నా. మీకు ఇది మొదటిసారి. నొప్పి ఉందా, లేక పరీక్షలో కనిపించిందని మాత్రమే చెప్పారా? నొప్పి లేకపోతే ఆ పూడిక వల్ల రక్తం నిజంగా తగ్గుతోందో లేదో ముందు కొలిపించుకోండి. చేయించక తప్పదంటే ఐవస్ లేదా ఓసీటీతో కారణం చూసి, మందు పూసిన బెలూన్ సరిపోతుందా అని అడగండి. సరిపోతే ఇంకో పొర లోహం తప్పుతుంది. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం స్టెంట్ల ధరలకు పరిమితి పెట్టాక స్టెంట్ వేయడం తేలికైంది, లోపలికి చూసే పరీక్షకు అయ్యే ఖర్చు మాత్రం బిల్లులో పెద్దగా కనబడుతుంది. చాలామంది దాన్నే వద్దంటారు. మూడు నెలల సగటు షుగర్ ఎంత ఉందో కూడా రాయండి. పొగ తాగే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి.

ఓరుగల్లు_బిడ్డ (హనుమకొండ)

షుగర్ సగటు 9.1. సిగరెట్ తగ్గించాను కానీ మానలేదు. నొప్పి మెట్లెక్కితే ఉంది. మీరు చెప్పిన పరీక్ష గురించి సోమవారం అడుగుతాను డాక్టర్ గారూ.

మందులపెట్టె (రాజమహేంద్రవరం)

మందుల దుకాణం నడుపుతాను. వెలుగురేఖ గారు చెప్పిన గడ్డ విషయం మీద నా మాట కూడా వినండి.

స్టెంట్ పడినవాళ్లు గడ్డకట్టకుండా ఆపే క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ మాత్రలు ఎప్పుడు మానేస్తారో నేను రోజూ చూస్తున్నాను. పన్ను పీకించుకోవడానికి వెళితే మానేస్తారు. చిగుళ్లలో రక్తం కనిపిస్తే మానేస్తారు. పెళ్లికి ఊరెళ్లి మాత్రలు మరిచిపోతారు. ఉపవాసం రోజు మానేస్తారు. "బాగానే ఉన్నాను కదా, ఇక ఎందుకు" అని మానేసేవారే అందరికంటే ఎక్కువ. గుండె డాక్టర్‌కు ఫోన్ చేయకుండా ఈ మాత్రలు ఆపకూడదని నేను కౌంటర్ దగ్గర గొడవపడి మరీ చెబుతాను. కృష్ణాతీరం గారూ, నాన్నగారు ఇండియా వచ్చే ఆలోచన ఉంటే తిరుగు ప్రయాణం దాకా సరిపడా మాత్రలు, పైన ఒక నెలకు ఎక్కువ, చేతిసంచిలో పెట్టండి. పెద్ద సూట్‌కేసు ఎక్కడైనా తప్పిపోవచ్చు. చీటీలో మందు అసలు పేరు రాయించండి, అక్కడి కంపెనీ పేరు ఇక్కడ ఎవరికీ అర్థం కాదు. అక్కడ క్లోపిడోగ్రెల్‌కు బదులు టికాగ్రెలార్ లేదా ప్రాసుగ్రెల్ ఇస్తే దాన్ని ఇక్కడ ఎవరో చెప్పారని మార్చకండి. కడుపులో మంటకు మాత్ర కావలసివస్తే అదీ అడిగే తీసుకోండి. ఒమెప్రజోల్ క్లోపిడోగ్రెల్ ప్రభావాన్ని తగ్గిస్తుంది.

పెన్నా_గట్టు (నెల్లూరు)

ఇంత వివరంగా ఎవరైనా చెబుతారనుకోలేదు. నా భయం పూర్తిగా పోలేదు, కానీ ఇప్పుడు అది మాత్రల మీదికి మళ్లింది. అమ్మా, నాన్నగారికి ఈ చికిత్స చేయిస్తే మాత్రల బాధ్యత ఇంట్లో ఒకరు తీసుకోండి. ఆ వయసువారు ఒంట్లో బాగుంటే ఎవరి మాటా వినరు, మా ఇంట్లో చూస్తున్నాను.

కృష్ణాతీరం (హ్యూస్టన్)

డాక్టర్‌తో మాట్లాడి వచ్చాను. గింజల వరుస పొడవు గురించి అడిగితే ఫిజిసిస్ట్‌ను పిలిచి చూపించారు. 60 మిల్లీమీటర్లది వాడతారట, బెలూన్ తగిలే భాగం కంటే రెండు వైపులా మించి ఉంటుందని బొమ్మ గీసి చెప్పారు. కొత్త స్టెంట్ వేయరు. రెండు రకాల మాత్రలూ కనీసం ఏడాది, రక్తస్రావం ఇబ్బంది లేకపోతే ఇంకా ఎక్కువకాలం కొనసాగిస్తామన్నారు. ఈ చికిత్సతో కూడా కొందరిలో తర్వాతి సంవత్సరాల్లో మళ్లీ సన్నబడవచ్చని దాచకుండా చెప్పారు. ఆ మాట విని నాన్నగారు "నడవనిస్తే చాలు" అన్నారు. వచ్చే గురువారానికి ఒప్పుకున్నాం.

పెదనాన్నగారికి వెలుగురేఖ గారి జవాబు చదివి వినిపించాను. ఆయన మామిడితోట గారి మాట రెండుసార్లు చదివించుకున్నారు.

ఒక చివరి సందేహం. మా చెల్లెలి పెళ్లికి నాలుగు నెలల తర్వాత విజయవాడ వెళ్లాలి. విమానాశ్రయంలో రేడియేషన్ పసిగట్టే యంత్రాలు ఉంటాయి కదా. నాన్నగారిని ఆపుతారా?

వెలుగురేఖ (అట్లాంటా)

ఆపరు. మూలం లోపలికి వెళ్లి బయటికి వచ్చేస్తుంది, ఒంట్లో ఏమీ మిగలదు, కణజాలం రేడియోధార్మికంగా మారదు. స్టెంట్ల లోహం కూడా యంత్రాలకు అందనంత కొద్ది. ప్రయాణానికి ముందు వారాల్లో న్యూక్లియర్ స్ట్రెస్ టెస్ట్ (గుండెకు రక్తం ఎలా అందుతోందో చూసే పరీక్ష) చేస్తే మాత్రం రేడియోధార్మిక మందును రక్తంలోకి ఎక్కిస్తారు కనుక కొన్ని రోజులు యంత్రం మోగవచ్చు. అలాంటి పరీక్ష ఉంటే ఆసుపత్రి నుంచి తేదీతో ఒక ఉత్తరం తీసుకుని పాస్‌పోర్ట్‌తో పాటు ఉంచండి. రేడియేషన్ చేసిన ధమని పేరు, మోతాదు, తేదీ, గింజల పొడవు రాసిన కాగితం కూడా ఒకటి అడిగి తీసుకోండి. అక్కడ ఉండగా ఛాతీ నొప్పి వస్తే విజయవాడలో చూసే డాక్టర్‌కు మొదట చూపించవలసింది అదే.